మాతృభాష కాలమ్‌లో ఏం రాద్దాం?

ఆగస్టు నెల వస్తే మా హాస్టల్‌లో మూడు వేడుకలు జరుగుతాయి. 9న ప్రపంచ ఆదివాసీ దినోత్సవం, 15న స్వాతంత్ర్య దినోత్సవం, 29న తెలుగు భాషా దినోత్సవం. మూడింటికీ అదే మైకు, అవే కుర్చీలు. వెనకాల కట్టే గుడ్డ కూడా ఒకటే, మీద అంటించే అక్షరాలు మాత్రం మారతాయి. 9న పిల్లలు గుస్సాడీ, రేలా, లంబాడీ ఆటలు ఆడతారు. 15న జెండా ఎగరేసి భిన్నత్వంలో ఏకత్వం గురించి ఉపన్యాసాలు ఇస్తారు. 29న గిడుగు రామమూర్తి పంతులు గారి ఫొటోకి దండ వేసి తెలుగు గొప్పతనం గురించి మాట్లాడతారు. చాలా ఏళ్లు ఇవి మూడూ వేర్వేరు వేడుకలనే అనుకున్నాను. ఒకదానికొకటి ఎంత దగ్గరో నాకు ఒక దరఖాస్తు ఫారం చూపించింది.

అడ్మిషన్ల సమయంలో ఒక కోలాం అమ్మాయి ఫారం నింపుతున్నాను. పేరు, ఊరు, మండలం, తెగ అన్నీ అడిగి రాశాను. మాతృభాష కాలమ్ దగ్గరికి వచ్చాక అడగకుండానే "తెలుగు" అని రాయబోయి, ఎందుకో ఆగి అడిగాను. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, "ఏది రాస్తే ఇబ్బంది ఉండదో అదే రాయండి మేడం" అంది.

ఆ రాత్రి పాత రిజిస్టర్లు తీసి చూశాను. గోండు పిల్ల, కోయ పిల్ల, కోలాం పిల్ల, లంబాడీ పిల్ల, ఎరుకల పిల్ల, అందరి పేర్ల ఎదుటా నా చేతిరాతతో ఒకటే మాట: తెలుగు. ఎవరూ నన్ను అలా రాయమనలేదు. నా అంతట నేనే రాశాను. ఆ పిల్లలే రాత్రి ఇంటికి ఫోన్ చేయాలంటే డాబా మీదికి వెళ్తారు. అక్కడ గొంతు తగ్గించి అమ్మతో తమ భాషలో మాట్లాడి, కిందికి దిగేసరికి మళ్లీ తెలుగులోకి వచ్చేస్తారు. ఇంత గుట్టుగా మాట్లాడుకోవాల్సిన అవసరం ఈ పిల్లలకు ఎప్పుడు వచ్చింది? మన భాషలు ఎప్పుడైనా బడి గడప తొక్కాయా, తొక్కితే మళ్లీ ఎందుకు బయటికి వచ్చాయి? ఈ ప్రశ్నలతో నేను చదివి తెలుసుకున్న చరిత్రను మన సంఘం సంచిక ద్వారా మీతో పంచుకుంటున్నాను.

సవర బడితో మొదలు

ముందుగా ఆగస్టు 29 సంగతి. ఆ రోజు గిడుగు వెంకట రామమూర్తి గారి పుట్టినరోజు. ఆయన 1863లో శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. గ్రాంథికం వద్దు, జనం మాట్లాడే తెలుగులోనే చదువు చెప్పాలని పోరాడిన మనిషిగా ఆయన అందరికీ తెలుసు. ఆ పోరాటం 20వ శతాబ్దం మొదటి దశాబ్దంలో మొదలైంది. అంతకు చాలా ముందే ఆయన ఇంకో పని మొదలుపెట్టారన్న సంగతి మన పిల్లల పాఠాల్లో ఒక వాక్యంలో వచ్చి వెళ్లిపోతుంది.

పర్లాకిమిడి చుట్టూ కొండల మీద సవరలు ఉంటారు. వాళ్ల భాష తెలుగు కుటుంబానిది కాదు, ఒడియా కుటుంబానిదీ కాదు. అది ముండా భాష, సంతాలీకి చుట్టం. రామమూర్తి గారు తెలుగు వచ్చిన ఒక సవర మనిషి సాయంతో ఆ భాష నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం సవర భాషలోనే వాచకాలు తయారుచేశారు. సొంత డబ్బుతో బడులు పెట్టించారు. 1931లో సవర భాష మీద ఆయన రాసిన వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు మద్రాసులో అచ్చయ్యాయి. అప్పటికి ఆయనకు 75 ఏళ్లు.

ఇక్కడ వరుస గమనించాలి. సవర పని ముందు, తెలుగు పని తర్వాత. పిల్లవాడి నోట్లో ఉన్న భాషను పక్కనపెట్టి పుస్తకంలో ఉన్న భాషతో చదువు మొదలుపెడితే చదువు ఎక్కదని కొండ మీద బడిలో కళ్లారా చూసిన మనిషి, మైదానంలో తెలుగు పిల్లల విషయంలోనూ అదే మాట అన్నారని నేను అర్థం చేసుకున్నాను. మనం ఈ రోజు వాడుక తెలుగులో హాయిగా రాసుకుంటున్నామంటే, ఆ ఆలోచన వెనకాల సవర పిల్లలు ఉన్నారు. తెలుగు భాషా దినోత్సవం నాడు ఆదివాసీ పిల్ల తన భాషను దాచుకుని తెలుగు పద్యం చదవడం ఎంత తప్పో దీన్ని బట్టి చూడండి. ఆ దండ వేయించుకున్న పెద్దమనిషి ఉంటే ముందు ఆ పిల్ల భాష ఏమిటని అడిగేవారు.

జోడేఘాట్ తర్వాత మార్లవాయి

రామమూర్తి గారు 1940 జనవరిలో కన్నుమూశారు. అదే సంవత్సరం ఇటు నిజాం రాజ్యంలో, ఆదిలాబాద్ అడవుల్లో, జోడేఘాట్ గుట్టల మీద కుమ్రం భీం వీరమరణం పొందాడు. భీం పోరాటాన్ని జల్, జంగల్, జమీన్ అనే మూడు మాటల్లో చెప్పుకుంటాం. ఆ మూడింటినీ మన చేతుల్లోంచి జార్చినది తుపాకీ ఒక్కటే కాదు, కాగితం కూడా.

ఆ కాలంలో ఒక గోండు రైతు చుట్టూ ఎన్ని భాషలు ఉండేవో చూడండి. ఇంట్లో గోండి. పక్క గూడెంలో కోలామి. ఊళ్లో పట్వారీ రాసే లెక్కలు చాలాచోట్ల మరాఠీలో. జంగ్లాత్ వాళ్ల హుకుం, కచ్చేరీ కాగితం ఉర్దూలో. సాహుకారు చిట్టా అతని భాషలో. తాతలనాటి నుంచి దున్నుకుంటున్న చెలక ఎవరి పేరు మీద ఎక్కిందో, అప్పు ఎంత రాశారో, రసీదులో ఏముందో గోండుకు తెలిసే దారి లేదు. తన భాషలో ఒక్క కాగితం కూడా లేని మనిషి కనబడిన ప్రతి కాగితం మీదా వేలిముద్ర వేశాడు. భూములు అలా పోయాయి.

భీం మరణం తర్వాత అక్కడ అసలు ఏం జరుగుతోందో తెలుసుకునే పని నిజాం ప్రభుత్వం క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. ఆయన 1909లో వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త. 1939లో ఇక్కడికి వచ్చాక రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆయన దగ్గర ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు కావడంతో హైదరాబాద్ రాజ్యం హద్దుల్లోనే ఉండాల్సి వచ్చింది. ముందు నల్లమలలో చెంచుల దగ్గర, తర్వాత గోదావరి గట్టు కొండల్లో కొండరెడ్ల దగ్గర ఉండి, ఆ తర్వాత భార్య బెట్టీతో కలిసి మార్లవాయి చేరారు. ఇప్పుడది కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలంలో ఉంది.

1943లో మార్లవాయిలో గోండు విద్యా పథకం మొదలైంది. అది పెద్ద భవనం కాదు, ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం. బయటి నుంచి పంతుళ్లను తెస్తే అడవిలో ఉండరు, ఉన్నా పిల్లల మాట వాళ్లకు అర్థం కాదు. అందుకని మరాఠీ అక్షరాలు కొద్దిగా వచ్చిన గోండు యువకులను వెతికి పట్టుకుని, వాళ్లకే శిక్షణ ఇచ్చి పంతుళ్లను చేశారు. గోండి భాషలో వాచకాలు తయారుచేశారు. ఆ యువకులకు వచ్చిన లిపి నాగరి కాబట్టి వాటిని నాగరి లిపిలో అచ్చు వేయించారు. పిల్లవాడు ముందు తన మాటను తాను చదవడం నేర్చుకునేవాడు. ఆ తర్వాత రాజ్యభాష ఉర్దూ నేర్చుకునేవాడు. అలా చదువుకున్న వాళ్లలో కొందరు పంతుళ్లయ్యారు, కొందరు పట్వారీ, ఫారెస్టు వంటి ఉద్యోగాల్లో చేరారు. నిన్నటి దాకా వేలిముద్ర వేసిన ఇంట్లోనే కాగితం చదివే మనిషి పుట్టాడు.

శిక్షణ తీసుకున్న ఉపాధ్యాయినిగా నాకు ఇక్కడ మా బి.ఎడ్. పాఠం గుర్తొస్తుంది. తెలిసిన దాని నుంచి తెలియని దానికి వెళ్లాలని మాకు మొదటి రోజుల్లోనే చెప్పారు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఆదివాసీ పిల్లకు తెలిసినది ఏమిటని ఎవరూ అడగలేదు, మేమూ అడగలేదు. మా మెస్‌లో మంచినీళ్ల డ్రమ్ము దగ్గర నిలబడి వింటే చాలు. గోండు, కోయ పిల్లలకు నీళ్లంటే ఏర్. కోలాం పిల్లకు ఈర్. లంబాడీ పిల్లకు పాణి. ఎరుకల పిల్లకు తణ్ణి. తెలుగు పాఠంలో "ఏరు" అనే మాట వచ్చినప్పుడు పంతులు దాన్ని వాగు అని చెప్పి ముందుకు పోతాడు. అదే మాట తన ఇంట్లో రోజూ తాగే నీళ్లని గోండు పిల్లకు తోచేలా చెబితే ఎలా ఉంటుంది? ఆ పిల్లకు తెలుగు పరాయిదనిపించదు, అక్కగారి ఇల్లులా అనిపిస్తుంది. గోండి, కోయ, కోలామి, తెలుగు అన్నీ ద్రావిడ భాషలే. లంబాడీ ఉత్తరాది భాషల కుటుంబానిది. ఒక్క డ్రమ్ము దగ్గర రెండు భాషా కుటుంబాలు వరుసలో నిలబడతాయి. దేశం ఎలా ఉంటుందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి బోధనోపకరణం దొరకలేదు.

హైమన్‌డార్ఫ్ బయటి మనిషి. నిజాం ప్రభుత్వం ఆయనను పంపినది మన మీద ప్రేమతోనే అని చెప్పలేం. మళ్లీ తిరుగుబాటు రాకూడదన్న లెక్క అందులో ఉంది. ఆ బడి, ఆ భూముల పట్టాలు, కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు వచ్చి గోడు వినే దర్బారు, ఇవన్నీ జోడేఘాట్‌లో పోయిన ప్రాణాలకు బదులుగా వచ్చినవే. అయినా ఆ దంపతులు చేసిన పనిని గోండులు మరచిపోలేదు. 1987లో బెట్టీ చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. 1995లో లండన్‌లో చనిపోయిన హైమన్‌డార్ఫ్ అస్థికలను కూడా తర్వాత అక్కడికే తెచ్చారు. ఏటా జనవరిలో ఊరి జనం ఆ సమాధుల దగ్గర కూడతారు.

గీతలు మారాయి, భాష మిగిలింది

మరి ఆ గోండి వాచకాలు ఏమయ్యాయి? 1948లో హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిసింది. ఉర్దూ స్థానం మారింది. 1956 నవంబర్ 1న భాషా ప్రాతిపదికన రాష్ట్రాలు ఏర్పడ్డాయి. ఆదిలాబాద్ ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది, అందులోని రాజురా, కిన్వట్ తాలూకాలు అప్పటి బొంబాయి రాష్ట్రానికి వెళ్లాయి. ఇటు బడుల్లో తెలుగు వచ్చింది, అటు మరాఠీ వచ్చింది. గోండి వాచకాలు మూలన పడ్డాయి.

తెలుగువాళ్లకు, మరాఠీవాళ్లకు, ఒడియావాళ్లకు సొంత రాష్ట్రాలు రావడం న్యాయమే. వాళ్లు కోరుకున్నదీ, పోరాడినదీ అదే. కానీ ఆ గీతలు గీసిన చోట మన వాళ్ల ఇళ్లు ఉన్నాయి. ఒకే పాడికి చెందిన గోండు అన్నదమ్ముల్లో ఒకరి పిల్లలు తెలుగులో, మరొకరి పిల్లలు మరాఠీలో, ఇంకాస్త దూరంలో ఛత్తీస్‌గఢ్ చుట్టాల పిల్లలు హిందీలో చదువుతారు. నాగోబా జాతరలో కలిసినప్పుడు వాళ్లు గోండిలో మాట్లాడుకోగలరు కానీ ఒకరికొకరు ఉత్తరం రాసుకోలేరు. కోయలదీ అంతే. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశాల మధ్య పంచుకుపోయారు. సవరలదీ అంతే. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది. అది నచ్చక గిడుగు వారు ఊరు విడిచి రాజమండ్రి వచ్చేశారు. ఆయన రాగలిగారు. కొండలు రాలేవు కదా, సవరలు అటూ ఇటూ మిగిలిపోయారు.

రాజ్యాంగం మనల్ని పూర్తిగా మరచిపోయిందని అనలేం. రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా ఆదివాసీల గొంతు వినిపించారు. తమ ప్రత్యేక భాషను, లిపిని, సంస్కృతిని కాపాడుకునే హక్కును 29వ అధికరణం ఇచ్చింది. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లు చేయాలని 350-ఎ అధికరణం రాష్ట్రాలకు చెప్పింది. ఆ అధికరణం రాజ్యాంగంలోకి వచ్చినది కూడా 1956లోనే, ఏడో సవరణ ద్వారా. అంటే రాష్ట్రాల గీతలు గీసిన సంవత్సరమే, ఆ గీతల్లో చిక్కుకున్న పిల్లల గురించి ఒక మాట రాసిపెట్టారు. ఆ మాట కాగితం మీద ఇప్పటికీ ఉంది.

ఎనిమిదో షెడ్యూల్లో ఈ రోజు 22 భాషలు ఉన్నాయి. ఆదివాసీ భాషల నుంచి సంతాలీ, బోడో 2003లో 92వ సవరణతో అందులో చేరాయి. సంతాలీకి అది ఊరికే రాలేదు. రఘునాథ్ ముర్ము 1925లో ఓల్ చికీ లిపి తయారుచేశారు. ఆ లిపిలో పుస్తకాలు, నాటకాలు, బడులు వచ్చాయి. జనగణనలో లక్షల మంది మాది సంతాలీ అని చెప్పారు. ఇన్ని జరిగాక షెడ్యూల్లో చోటు దొరికింది.

లెక్కల్లో మనం ఎక్కడున్నాం

జనగణన మాట వచ్చింది కాబట్టి అంకెలు చూద్దాం. 2011 జనగణనలో దేశ ప్రజలు మాతృభాష పేరుగా చెప్పిన మాటలు 19,569. అధికారులు వాటిని సరిచూసి 1,369 మాతృభాషలుగా తేల్చారు. వాటిని కూడా కలిపి, కనీసం పదివేల మంది మాట్లాడేవాటినే లెక్కలోకి తీసుకుని, చివరికి 121 భాషల పట్టిక వేశారు. జల్లెడలో పట్టినట్టు వేల పేర్లు జారి 121 మిగిలాయి.

ఆ పట్టికలో గోండి మాతృభాషగా చెప్పినవాళ్లు సుమారు 29.8 లక్షలు. అదే జనగణనలో దేశంలో గోండు తెగ జనాభా 1.3 కోట్లకు పైనే. అంటే నలుగురు గోండుల్లో ఒక్కరు కూడా గోండిని తమ భాషగా రాయించుకోలేదు. భాష పోయినవాళ్లు చాలామంది ఉన్నారు, నిజమే. భాష ఉండి కూడా చెప్పనివాళ్లు, అడగకుండానే ఇంకో భాష రాసేసిన నాలాంటి చేతులు కూడా అందులో ఉండే ఉంటాయి. కోయ 4.07 లక్షలు, కోలామి 1.28 లక్షలు.

లంబాడీ సంగతి ఇంకా విచిత్రం. 2011లో లంబాడీ మాతృభాషగా చెప్పినవాళ్లు సుమారు 32.7 లక్షలు, బంజారీ అని చెప్పినవాళ్లు సుమారు 15.8 లక్షలు. ఈ రెండు అంకెలనూ హిందీ కింద కలిపేశారు. హిందీ మాట్లాడేవాళ్లు 52.8 కోట్లని పుస్తకంలో చదువుకునే మా హాస్టల్ లంబాడీ పిల్ల, ఆ లెక్కలో తన నాయనమ్మ కూడా ఉందని చెబితే నవ్వింది. హిందీ పరీక్ష పాస్ కావడానికి తాను ఎంత కష్టపడిందో ఆమెకు తెలుసు.

ఆట చూశారు, మాట వినలేదు

మన కళలకు దేశంలో గుర్తింపు లేదని నేను అనను. మార్లవాయికే చెందిన కనకరాజు గారు గుస్సాడీ ఆటను ఢిల్లీ గణతంత్ర వేడుకల దాకా తీసుకెళ్లారు. 2021లో పద్మశ్రీ అందుకున్నారు. కోయల వంశ చరిత్రలను డోలు మీద పాడిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ ప్రకటించారు. ఇద్దరూ 2024లో వెళ్లిపోయారు. గుస్సాడీ నెమలి ఈకల టోపీని దేశమంతా ఫొటోల్లో చూసింది. కానీ రామచంద్రయ్య గారు పాడిన కథ ఏ బడిలో పాఠం? గోండుల కథలను కింగ్రి వాయిస్తూ చెప్పే పర్ధాన్ల సంగతి చూడండి. ఆదిలాబాద్ పర్ధాన్లు ఇంట్లో ఎక్కువగా మరాఠీ మాట్లాడతారు, గోండుల దేవతల కథలు మాత్రం గోండిలో పాడతారు. ఒక భాషలో బతుకుతూ మరో భాష చరిత్రను కంఠంలో మోసే మనిషి కంటే బహుభాషా దేశానికి మంచి ఉదాహరణ ఏముంటుంది? ఆయన పాట ఆగితే ఆగిపోయేది పాట ఒక్కటే కాదు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు వేల్పుల సగల చరిత్ర కూడా.

నేనుండే నారపల్లి వరంగల్ హైవే మీద ఉంది. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి జాతర వచ్చిందంటే ఉప్పల్ నుంచి మేడారం వెళ్లే బస్సులు, కార్లు మా ఇంటి ముందు నుంచే పోతాయి. ఇదే రోడ్డు ఘట్‌కేసర్, భువనగిరి, జనగామ, వరంగల్, ములుగు మీదుగా తాడ్వాయి అడవి దాకా వెళ్తుంది. అన్ని కులాల వాళ్లూ, అన్ని భాషల వాళ్లూ నిలువెత్తు బెల్లం తూచి బంగారమని పెట్టి, కోయ పూజారులు తెచ్చిన సమ్మక్క సారలమ్మలకు దండం పెట్టి వస్తారు. 1996లో దీన్ని రాష్ట్ర పండుగ చేశారు. 2023 డిసెంబర్‌లో పార్లమెంటు చేసిన చట్టంతో ములుగులో కేంద్ర గిరిజన విశ్వవిద్యాలయానికి ఆ తల్లుల పేరే వచ్చింది. అమ్మవార్ల పేరు విశ్వవిద్యాలయానికి పెట్టుకున్నాం. ఆ అమ్మవార్ల బిడ్డల భాష మొదటి తరగతిలో ఎక్కడుంది?

ప్రయత్నాలు జరగలేదని కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కోలామి, లంబాడీ అనే 8 భాషల్లో తెలుగు లిపితో వాచకాలు తయారుచేసి, 240 బడుల్లో మాతృభాషతో చదువు మొదలుపెట్టారు. మార్లవాయి తర్వాత ఆరు దశాబ్దాలకు మళ్లీ అదే ఆలోచన. పక్కన ఒడిశా 21 ఆదివాసీ భాషల్లో ఈ పని చేస్తోంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైనచోట కనీసం అయిదో తరగతి వరకు ఇంటి భాషలో బోధన ఉండాలంటోంది.

ఇంకొక శుభవార్త గుంజాల నుంచి వచ్చింది. ఆదిలాబాద్ జిల్లా నార్నూరు మండలంలోని ఆ ఊళ్లో గోండుల ఇళ్లల్లో పాత రాతప్రతులు దాగి ఉన్నాయి. జయధీర్ తిరుమలరావు గారు, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం వాళ్లు వాటి మీద పనిచేసి గుంజాల గోండి లిపిని వెలుగులోకి తెచ్చారు. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. అంటే ఫోన్లలో, కంప్యూటర్లలో ఆ అక్షరాలకు చోటు వచ్చింది. లిపి లేని భాష అని మనల్ని ఇన్నాళ్లూ చిన్నచూపు చూశారు. లిపి ఉంది. మూట కట్టి అటక మీద పెట్టుకున్నాం, అంతే.

మనం చేయగలిగింది

ఇదంతా చదివి కొందరు తల్లిదండ్రులు నన్ను అడగవచ్చు. "మేడం, మా పిల్లలకు ఇంగ్లీషు వస్తేనే ఉద్యోగం. గోండి చదివి ఏం చేస్తారు?" ఆ ప్రశ్న న్యాయమైనదే. హాస్టల్ పిల్లలు ఇంగ్లీషు రాక ఇంటర్వ్యూల్లో ఎంత నలిగిపోతారో నాకు తెలుసు. నేను తెలుగు వద్దనడం లేదు, ఇంగ్లీషు వద్దనడం లేదు. మార్లవాయిలో కూడా గోండితో ఆగలేదు, గోండి నుంచి రాజ్యభాషకు నడిపించారు. మెట్టు కావాలి అంటున్నాను. మొదటి మెట్టు లేకుండా పైమెట్టు మీదికి ఎగరమన్నందుకే ఎంతోమంది పిల్లలు మూడో తరగతిలో, అయిదో తరగతిలో కింద పడి బడి మానేశారు. వాళ్లకు తెలివి లేదని మనమే అన్నాం. ఒక్కో తరగతిలో మూడు నాలుగు భాషల పిల్లలు ఉంటే ఎలా అన్న ఇబ్బంది కూడా నిజమే. అందుకు ఆ ఊరి పిల్లనే చదివించి టీచర్ చేయడం తప్ప వేరే దారి లేదు. 1943లో కనిపెట్టిన దారి అదే.

ప్రభుత్వం చేయాల్సినవి అడుగుతూనే ఉందాం. మన చేతుల్లో ఉన్నవి మాత్రం వాయిదా వేయవద్దు.

మొదటిది, 2027 జనగణన. ఎన్యూమరేటర్ మీ ఇంటికి వచ్చి మాతృభాష అడిగినప్పుడు మీ భాష పేరు స్పష్టంగా చెప్పండి. గోండి అయితే గోండి, కోయ అయితే కోయ, కోలామి అయితే కోలామి, లంబాడీ అయితే లంబాడీ. ఆయన ఏం రాశారో చూడండి. తెలుగు వదులుకుంటున్నామని భయం వద్దు. 2011 ఫారంలో మాతృభాష తర్వాత వచ్చిన ఇతర భాషలు రెండు రాసుకోవడానికి వేరే చోటు ఉండేది, తెలుగును అక్కడ గర్వంగా చెప్పవచ్చు. పట్నంలో ఉండేవాళ్లం, ఉద్యోగస్తులం ముఖ్యంగా ఈ పని చేయాలి. మొహమాటం మనకే ఎక్కువ.

రెండోది, ఇంట్లో పిల్లలతో మాట్లాడండి. ఉప్పల్, నాచారం వైపు అద్దె ఇళ్లలో ఉంటున్న మన కుటుంబాల్లో పిల్లలకు తల్లి భాష అర్థమవుతుంది, తిరిగి మాట్లాడరు. ఇంకొక తరం గడిస్తే అర్థం కావడం కూడా పోతుంది.

మూడోది, పెద్దవాళ్ల పాటలు, కథలు ఫోన్‌లో రికార్డు చేసి, పాడినవాళ్ల పేరు, ఊరు, తేదీ చెప్పించి దాచండి. కింగ్రి, డోలు వాయించే పెద్దలు ఎక్కువమంది లేరు. పండుగకు ఊరికి వెళ్లినప్పుడు ఒక్క గంట చాలు.

నా వంతుగా చేసినది చిన్నదే. ఆ కోలాం అమ్మాయి ఫారంలో "కోలామి" అని రాశాను. ఏ ఇబ్బందీ రాలేదు. ఆ ఏడాది నుంచి అడగకుండా ఆ కాలమ్ నింపడం మానేశాను. ఆగస్టు 29న కూడా ఒక మార్పు చేశాం. గిడుగు వారి ఫొటో ముందు ముందుగా ప్రతి పిల్లా తన ఇంటి భాషలో తన పేరు, ఊరు, ఇంట్లోవాళ్ల గురించి నాలుగు మాటలు చెప్పి, ఆ తర్వాత అవే తెలుగులో చెప్పాలి. మొదటిసారి పిల్లలు సిగ్గుపడి నవ్వుకున్నారు. కోలామిలో మాట్లాడడానికి లేచిన అమ్మాయి రెండు వాక్యాలు చెప్పి ఆగిపోయింది. వెనక వరుసలోంచి ఇంకో గొంతు అదే భాషలో "చెప్పు, చెప్పు" అంది. మా హాస్టల్‌లో కోలామి వచ్చిన పిల్లలు ఇద్దరున్నారని ఆ రోజు దాకా వాళ్లకూ తెలియదు, నాకూ తెలియదు.

ఈ సంచిక చదివే వార్డెన్లు, టీచర్లు, తల్లిదండ్రులు ఆ కాలమ్ దగ్గర ఒక్క క్షణం ఆగి పిల్లను అడగాలని నా విన్నపం.